సత్రం తలుపు దగ్గర మనిషి

ఆ శనివారం జీవానందం పెట్టుకున్న పని ఒక్కటే: అన్నం వేళకల్లా బేత్లెహేమును పూర్తి చేయడం. మరునాడు ఆరాధన అయ్యాక పెద్దారవీడు పక్కనున్న వాళ్ళ పల్లె చర్చిలో క్రిస్మస్ నాటకం. దాని వెనక కట్టే తెరకు రంగులు వేస్తున్నది అతనే. ఫ్లెక్సులు వచ్చాక అతని కుంచెకు దొరికిన మొదటి పెద్ద పని అది. సంఘపెద్ద ఇమ్మానుయేలు ముందే తేల్చి చెప్పాడు. తెర నచ్చితే సరి, లేకపోతే మార్కాపురం నుంచి ఫ్లెక్స్ తెప్పిస్తాడట, ఇక ఏటేటా అదే కడతారట.

జీవానందానికి ఈ మధ్య ఒక పిచ్చి పట్టింది. కూతురు షారోన్ ఫోన్లో పెద్దవాళ్ళ కోసం తీసిన కార్టూన్ సీరియల్ ఒకటి చూపించింది. అందులో బొమ్మ మనుషులు ఉద్యోగాలు పోగొట్టుకుంటారు, కాపురాలు చెడగొట్టుకుంటారు, గంటలకొద్దీ ఇంగ్లీషులో బాధపడతారు. ఆ బాధలో ఒక్క ముక్క కూడా ఇతనికి అర్థం కాదు. ఇతను చూసేది వాళ్ళ వెనకున్న గోడలను. పెచ్చులూడిన సున్నం, నీళ్ళ ట్యాంకు మీద సాయంత్రపు ఎండ... మూడు క్షణాలు కనబడి పోయేదానికి ఎవరో మహానుభావుడు ఎంత ఓపిగ్గా రంగులు వేశాడో! పైగా అందులో హోటల్లో గ్లాసులు తుడిచే మనిషి ఒకడున్నాడు. పదకొండు భాగాలైనా నోరు విప్పలేదు. ఎవరైనా ఏడుస్తూ వస్తే కుర్చీ కాస్త ముందుకు జరుపుతాడు, అంతే. అతను కనబడగానే జీవానందం సీరియల్ ఆపేసి చూస్తూ కూర్చుంటాడు.

"కథ ముందర నడుస్తుంటే నువ్వు యాడ చూస్తుండావు నాయనా?" అని షారోన్ విసుక్కుంది.

"అరిసేవాళ్ళను అందురూ చూస్తారు. ఆయప్పను ఎవురు చూడాల?" అన్నాడు.

ఆ పిచ్చి ముదిరి తెర మీదికి ఎక్కింది. బేత్లెహేము వెనక నల్లమల కొండలు వచ్చాయి, సత్రం గోడకు సున్నం పెచ్చులూడింది, సత్రం తలుపు దగ్గర భుజాన తువ్వాలుతో ఒక మనిషి ఊరికే నిలబడ్డాడు. జీవానందం నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు.

పది గంటలకు ఇమ్మానుయేలు వచ్చి తెరను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. ఫ్లెక్సుల మీద తెలిసిన ముఖాలు చూసీ చూసీ ఆ ఊళ్ళో అందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది. బొమ్మలో మనిషంటూ ఉంటే వాడు ఊళ్ళో ఎవరో ఒకరు అయి తీరాలి.

"ఇది మన యాకోబు గదా, ఆ తువ్వాలు ఆయనదే. మరియమ్మకు చోటు లేదన్న సత్రం కాడ ఆయన్ని నిలబెట్టినావేంది? పోయిన నెల పాస్టరుగారి చుట్టాలకు గది ఇయ్యలేదని ఎత్తిపొడుస్తుండావా?"

జీవానందం లబలబలాడాడు. ఇది ఎవరూ కాదన్నాడు. ఇమ్మానుయేలు నమ్మలేదు. ఈ సంగతి యాకోబుకు చెప్పొద్దని నాలుగిళ్ళకు వెళ్ళి మరీ చెప్పి వచ్చాడు.

అరగంటలో యాకోబు భార్య మణెమ్మ దిగింది. పోయిన నెల ఇంటికి సున్నాలు వేస్తున్నందుకే గది ఇవ్వలేదని, బొమ్మ మార్చకపోతే రేపు ప్రేమవిందు వంటలో గరిటె ముట్టనని చెప్పి పోయింది. విందు లేని క్రిస్మస్ ఊహించుకోలేక జీవానందం ఆ మనిషికి గుబురు మీసం పెట్టాడు. మీసం పెట్టగానే అతను బ్రహ్మం అయిపోయాడు. నాటకానికి ఆరు గొర్రెలు ఇస్తానన్నది ఆ బ్రహ్మమే. తనది వాళ్ళ మతం కూడా కాదే, ఈ నింద తనకెందుకని అతను గొర్రెలను వెనక్కి తోలుకుపోయాడు.

ఆ మనిషిని తీసేయమని షారోన్ అంది. తీసేస్తే మిగిలేది ఉత్త గోడేనని జీవానందం ఒప్పుకోలేదు. ముఖమే లేకపోతే గొడవే ఉండదని అతన్ని గోడవైపు తిప్పేశాడు. తొందరలో తలకు జుట్టు వేయడం మరిచాడు. సాయంత్రం ఇమ్మానుయేలు వచ్చి ఆ బట్టతలను చూశాడు, తన తల వెనక చెయ్యి పెట్టి తడుముకున్నాడు. తరవాత ఫోన్ తీసి ఫ్లెక్స్ షాపుకు చేశాడు.

ఆదివారం మొదటి బస్సుకు ఫ్లెక్స్ వచ్చింది. చుట్ట విప్పకుండానే వేదిక వెనక కట్టి, నాటకం మొదలయ్యే నిమిషంలో కిందికి జార్చారు. బేత్లెహేములో మంచు కురుస్తోంది. షాపువాళ్ళు తమ అలవాటు ప్రకారం ఆర్డరిచ్చిన పెద్దమనిషి ఫోటోను చేతులు జోడించి నవ్వుతున్నట్టుగా, నక్షత్రం కంటే పెద్దగా వేశారు. దానికి ఖాళీ దొరికింది సత్రం తలుపు దగ్గర.

మరియ వేషం వేసిన రూబీ నడుం పట్టుకుని వచ్చి, "అయ్యా, ఈ రాత్రికి చోటుందా?" అని ఆ తలుపును అడిగింది. ఇమ్మానుయేలు దండం పెడుతూ నవ్వుతున్నాడు.

చర్చి పగలబడి నవ్వింది. పాస్టరుగారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ముందు బెంచీలో ఇమ్మానుయేలు తల వంచుకుని, ఆ గుడ్డ తెరే తెచ్చి కట్టమన్నాడు. జీవానందం పరుగున వెళ్ళి తెచ్చాడు.

ఆ తెర కట్టగానే వెనక బెంచీలోంచి యాకోబు లేచాడు. ఆయన నలుగురిలో మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"అల్లుడా, నా ముఖం ఎందుకు తిప్పేసినావు? బొమ్మలో నేనుండానంటే నిన్న పొద్దున మీ ఇంటి కిటికీలోంచి చూసి పోయినా. అరవై ఏండ్లకు నన్ను ఒకడన్నా చూసినాడనుకున్నా."

జీవానందానికి సిగ్గేసింది. ఫోన్లో ఎక్కడో గ్లాసులు తుడిచేవాణ్ణి ఆపి ఆపి చూసినవాడు, వారం వారం తన వెనక బెంచీలో కూర్చునే మనిషిని ఒక్కసారీ చూడలేదు. నాటకం ఆపించి, యాకోబును ఎదురుగా కూర్చోబెట్టుకుని, పావుగంటసేపు ఆయన ముఖం చూసి చూసి వేశాడు. చర్చి అంతా ఓపిగ్గా కూర్చుంది. వచ్చే ఏటికీ గుడ్డ తెరే అని పాస్టరుగారు అక్కడికక్కడే చెప్పేశారు.

ఫ్లెక్సును మణెమ్మ పట్టుకుపోయి బర్రెల కొట్టానికి కప్పింది. ఇప్పుడు కొట్టం మీది ఇమ్మానుయేలు నవ్వుకు అడ్డు లేదు, చోటు లేదని ఆయన పంపేసిన బర్రె కూడా ఇంతవరకు ఒక్కటీ లేదు.