పిలవనివాళ్ళ కోసం బస్తాల గోడ

పిలవని పేరంటానికి పోయి తిన్న తిండి పాపం కిందికి వస్తుందా, రాదా? ఈ సందేహం కైలాసాన్ని చిన్నప్పటి నుంచి వదల్లేదు. బడి ఎగ్గొట్టి కోదాడ పోయిన రోజు, ఆకలికి ఆగలేక ఎవరిదో పెళ్ళి పందిట్లో పంక్తిన కూర్చున్నాడు. వడ్డించే పెద్దాయన మొహం చూసి, పిలవనివాడని పోల్చుకున్నాడు. లేపుతాడనుకుంటే, విస్తట్లో ఇంకో భక్ష్యం వేసి నెయ్యి పోశాడు. "కడుపుకు పిలుపెందుకు బిడ్డా, తిను" అన్నాడు. ఆ నెయ్యి వాసన తలపుకొచ్చినప్పుడల్లా చేతులు జోడించాలో, చెంపలు వేసుకోవాలో కైలాసానికి తెలిసేది కాదు.

ఇప్పుడాయనకు మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది. మిల్లు వెనక కట్టిన కొత్త ఇంటికి ఆ రోజు గృహప్రవేశం. దిగులంతా సూర్యాపేట వియ్యంకుడు రాఘవేంద్ర గురించే. పెద్దమ్మాయి పెళ్ళిలో పిలవని జనం ముందే తినేసి, మగపెళ్ళివారికి చారు నీళ్ళే మిగిలాయి. ఆ మాట ఆయన ప్రతి పండక్కీ గుర్తుచేస్తాడు. ఈసారీ అంతే అయితే ఇక మొహం చూపించే పని లేదు.

వ్రతానికి ఇంకా వేళ ఉంది. చిన్నమ్మాయి ఉషశ్రీ ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. కణాలను పరుగెత్తించే పెద్ద యంత్రం దగ్గర ఆమెకు ఉద్యోగం. తెరమీద ఒక గొట్టం, అందులో చుక్కలు.

"ఇవేంది బిడ్డా, చీమలా?"

"ఎలక్ట్రాన్లు నాయినా. నీలంవి మేం పంపినయి. ఎర్రయి పిలవకున్నా వచ్చినయి. లోపట జోరెక్కువైతే గొట్టం గోడలకెల్లే ఊడొస్తయి. డార్క్ కరెంటంటం. మావాటితోని కలిసి ఉరికి యంత్రాన్ని పాడుజేస్తయి."

కైలాసం ముందుకు వంగాడు. "మరి ఎట్ల ఆపుతరు?"

"నడుమ తొర్ర ఉన్న లోహపు దిమ్మె నిలబెడ్తం. కొలిమేటర్. మావి నేరుగ తొర్రలకెల్లి పోతయి. పక్కదారి పట్టినయి దిమ్మెకు కొట్టుకొని ఆగుతయి. తొర్ర ఎంతుండాలె, ఏడుండాలె అని ముందుగాల కంప్యూటర్ల నడిపి సూస్తున్న..."

చివరి మాట వినడానికి కైలాసం అక్కడ లేడు.

మిల్లు హమాలీ బిచ్చాను పిలిచి, గేటుకు అడ్డంగా బియ్యం బస్తాలు పేర్పించాడు. నడుమ ఒక మనిషి పట్టేంత సందు.

"గిదెందుకు సేటూ?"

"మనోళ్ళు నేరుగ వస్తరు. పిలవనోళ్ళు అటిటు బిత్తర సూపులు సూస్కుంట వచ్చి ఆగిపోతరు."

"గాళ్ళకు రోజూ అలవాటే గద సేటూ, బిత్తరెందుకు?"

భోజనాల వేళకు పిలవనివాళ్ళు, దర్శనానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని, ఒకరి వెనక ఒకరు తిన్నగా లోపలికి పోయారు. పిలిచినవాళ్ళే పలకరించుకుంటూ గుంపులుగా వచ్చి గేటు దగ్గర చిక్కుపడ్డారు. అప్పుడు దిగాడు రాఘవేంద్ర. కొత్త బట్టల పళ్ళెం పట్టుకుని, ఆచారం ప్రకారం భార్యతో పక్కపక్కనే అడుగుపెట్టబోయాడు. మనిషి ఒక్కడే ఇద్దరి పెట్టు. సందులో ఇరుక్కున్నాడు.

"కైలాసం బావా! పోయినసారి బువ్వ పెట్టలె. ఈసారి లోపటికే రానియ్యవా?"

బిచ్చా ముందుకు లాగాడు, వియ్యపురాలు వెనక్కు లాగింది. గోడ కూలింది. బస్తా పిగిలి, వియ్యంకుడి నెత్తిన తలంబ్రాల్లా బియ్యం కురిసింది. సరిగ్గా అప్పుడే వంట చేసే పర్వతాలు వచ్చి, "అన్నం ఖతం" అన్నాడు. కైలాసం దేవుడి వైపు చూశాడు. భార్య స్వరాజ్యలక్ష్మి కైలాసం వైపు చూసింది.

పంక్తిలోంచి పిలవని ముసలాయన ఒకడు లేచాడు. యాదయ్య అంటారు.

"సూస్కుంట కూసున్నరేందిరా? తిన్నం గద, లేవుండ్రి!"

పిలవనివాళ్ళంతా లేచారు. మగవాళ్ళు రాఘవేంద్రను లేపి కుర్చీ వేశారు. ఆడవాళ్ళు రాలిన బియ్యం చేటలకెత్తి చెరిగారు. కాసేపటికి పొగలు కక్కే అన్నం వచ్చింది. రాఘవేంద్ర మారడిగి తిని, "ఇగ ఆ పెండ్లి ముచ్చట ఎత్తను బావా" అని త్రేన్చాడు.

ఉషశ్రీ తండ్రి చెవిలో అంది: "అందుకే నాయినా, ముందుగాల సిమ్యులేషన్ జేసి సూస్తరు."

యాదయ్య విస్తరి సగంలోనే ఉంది. కైలాసం ఆయన్ను మళ్ళీ కూర్చోబెట్టి, తన చేత్తోనే భక్ష్యం వేసి నెయ్యి పోశాడు.

"నన్నెవ్వలు పిలువలె సేటూ," అన్నాడు యాదయ్య మెల్లగా.

"కడుపుకు పిలుపెందుకు పెద్దయ్యా, తిను."

గుప్పుమన్నది అదే నెయ్యి వాసన. ఈసారి కైలాసం చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఇన్నేళ్ళ కోదాడ బాకీ ఒక్క భక్ష్యంతో తీరిందనుకున్నాడు.

యాదయ్య రెండోది అడిగాడు.