నూలు పుట్టగొడుగు మహాత్మ్యం

ఈ దేశానికి ప్రస్తుతం కావలసినది బట్ట కాదు. నూలుతో అల్లిన పుట్టగొడుగు!

నవ్వకండి. నేను తమాషాకు రాసే మనిషిని కాను. పదిహేనేళ్లుగా బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్న వాణ్ణి. ఈ ఏడు మా నేతపేటలో జరిగిన పుట్టగొడుగుల తరగతికి దుబాసిని కూడా నేనే.

యుద్ధం వచ్చాక మా మగ్గాలకు నూలు రావడం నిలిచిపోయింది. కంట్రోలు అన్నారు, కోటా అన్నారు, పర్మిట్టు అన్నారు. ఈ మూడు మాటలకూ మావాళ్లకు నోరు తిరిగేసరికి మగ్గం గుంటల్లో కోళ్లు పొదగడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే కర్నూలు నుంచి మోటారు కారులో ఒక దొరసానిగారు దిగారు. పని లేని నేతవారి ఆడవాళ్లకు హస్తకళ నేర్పుతామన్నారు. తలా ఒక కొక్కెం సూది ఇచ్చి, ఎర్రనూలూ తెల్లనూలూ పంచారు.

మగ్గాలకు దొరకని నూలు బొమ్మలకు ఎట్లా దొరికిందంటారా? బొమ్మలకు వేరే పర్మిట్టు ఉందట! ఎంత ముందుచూపు!

అసలు మగ్గానికీ ఈ సూదికీ పోటీయా? మగ్గం సగం ఇల్లు మింగుతుంది. సూదిని కొప్పులో దోపుకోవచ్చు. మగ్గానికి ఇంటిల్లిపాదీ చాకిరీ చేయాలి. పుట్టగొడుగుకు ఒక మనిషి, ఒక అరుగు చాలు. మగ్గం మీద చీర దిగితే ఎవరో ఒకరు కట్టి చింపేస్తారు. పుట్టగొడుగును ఎవరు చింపుతారు? అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడమే కదా! మా పేటలో అద్దాల బీరువాలు లేవు. ఆ తప్పు పుట్టగొడుగుది కాదు.

బొమ్మ ముద్దుగా ఉంటుందని మాత్రం ఒప్పుకోవాలి. గుప్పిట్లో ఇమిడిపోతుంది. ఎర్ర టోపీ, దాని మీద తెల్ల చుక్కలు, కింద బొద్దుగా కాడ. నేతగాడు లింగన్న తల్లి ఉరుకుందమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇట్లా ఎర్రది మా గడ్డన యాడా సూడ్లేదమ్మా. దీన్ని తింటే సస్తారు."

"చాలా అందంగా ఉందంటోంది" అని నేను దొరసానిగారికి తర్జుమా చేశాను.

ఉరుకుందమ్మ సోమవారం వస్తే ఆమె కోడలు సుంకమ్మ మంగళవారం వచ్చేది. ఇద్దరూ కలిసి ఒక్కనాడూ రాలేదు. అత్తాకోడళ్లకు పడదని దొరసానిగారు జాలిపడ్డారు. కాపురంలో సామరస్యం గురించి అరగంట ఉపన్యసించారు. నేను అరగంట తర్జుమా చేశాను. చంకలో బిడ్డతో సుంకమ్మ అంతా ఓపిగ్గా విన్నది.

"అయ్యవారూ, మా అత్తా నేనూ బాగానే ఉండాం. బయటికి కట్టుకోని వచ్చేదానికి ఇద్దరికీ ఉండేది ఒగటే చీర. శ్రావణంలో ఉరుకుంద దేవుని కాడికి పోయి వీని పుట్టెంటికలు తీయిచ్చల్ల. తల్లీ అవ్వా ఇద్దరమూ పోవల్ల గదా? పోయినేడూ ఇట్లే నిలిచిపాయ. మగ్గం మింద పడుగుండాది, పేకకు నూలు లేదు."

దొరసానిగారు నావైపు చూశారు. ఎండలు చాలా ఉన్నాయంటోందని చెప్పాను. అబద్ధం చెప్పినందుకు కాదు, నిజం చెప్పలేకపోయినందుకు సిగ్గుపడ్డాను.

తర్వాత బొమ్మల కడుపు నింపే పాఠం వచ్చింది. పాత గుడ్డపేలికలు కూరమన్నారు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేలికలు లేక కాదు, అవి ఒంటి మీద ఉన్నాయి! సరే, నూలే కూరండని దొరసానిగారు ఇంకా నాలుగు చిలపల నూలు ఇచ్చారు. ఆనాటి నుంచి మా పేట పుట్టగొడుగులకు ఎంత పెట్టినా కడుపు నిండలేదు.

ఒకనాడు సుంకమ్మ బిడ్డ ఒక పుట్టగొడుగు కొస దొరకబుచ్చుకొని లాగాడు. లాగిన కొద్దీ వచ్చింది. టోపీ పోయింది, కాడ పోయింది, అరుగు పొడవునా ఒకే పోగు మిగిలింది. అందరమూ నవ్వాం. సుంకమ్మ నవ్వలేదు. ఆ పోగును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

దొరసానిగారు వారంవారం బొమ్మలు లెక్కచూసి, ప్రదర్శన దాకా ఇళ్లలోనే భద్రపరచమనేవారు. చివరి లెక్కకు లింగన్న ఇంట్లో నలభై తేలాయి. తేలిన మరునాటి నుంచి ఆ ఇంట్లో మగ్గం చప్పుడు! నాకు వినపడలేదు. నాకు చెవుడని మీకు చెప్పలేదా? అప్పుడే వచ్చింది.

భాద్రపదంలో మా బడిలో ప్రదర్శన పెట్టారు. బల్లల నిండా పుట్టగొడుగులు. లింగన్న ఇంటివారి బల్ల మాత్రం బోసిగా ఉంది. దాని వెనక అత్తాకోడళ్లిద్దరూ మొదటిసారి పక్కపక్కన నిలబడి ఉన్నారు. అత్త ఒంటి మీద ఆ పాత చీరే. కోడలి చీర కొత్తది, ఒక బెత్తెడు ఎరుపు, ఒక బెత్తెడు తెలుపు. చంకలో బిడ్డ నున్నటి గుండుతో ఊరందరినీ చూసి నవ్వుతున్నాడు.

నలభై బొమ్మలు ఏవని దొరసానిగారు అడిగారు.

"యాడికీ పోలేదు తల్లీ. మా కోడలు కట్టుకోనుండాది" అంది ఉరుకుందమ్మ.

ఆ మాట ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను. ఆ తరగతిలో నేను చేసిన సరైన తర్జుమా అదొక్కటే. దొరసానిగారు సుంకమ్మ కొంగు పట్టుకొని చాలాసేపు చూశారు.

కాబట్టి ప్రభువులకు నా మనవి. మగ్గాలకు నూలు ఇమ్మని అడిగేటంత అవివేకిని కాను. అది కోటాకు విరుద్ధం. పుట్టగొడుగులే అల్లించండి! మా పక్కింటి భీమక్క ఇంట్లో ఆడవాళ్లు ముగ్గురు, చీర ఒకటి. వాళ్లకు తక్షణం ఎనభై పుట్టగొడుగులు కావాలి.