పాఠం మానిపించే పట్టా

కెమిస్ట్రీ బోధనలో మాస్టర్స్ డిగ్రీని మించిన మేలైన చదువు లేదు. మంచి టీచర్‌ను తరగతి గదిలోంచి సగౌరవంగా బయటికి సాగనంపడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఎవరైనా కనిపెట్టారా? అనుమానముంటే ఈ టీచరమ్మ సంగతి వినండి.

ఆవిడ పద్దెనిమిదేళ్లుగా ఒకే బడిలో కెమిస్ట్రీ చెబుతోంది. ఆమ్లం, క్షారం అని బోర్డు మీద రాసి ఊరుకునే రకం కాదు. గాజుగొట్టంలోంచి ఒక్కొక్క చుక్కే వదిలిస్తూ, రంగులేని నీళ్లు ఉన్నట్టుండి గులాబీరంగుకు తిరిగేదాకా నలభైమంది పిల్లలనూ ఊపిరి బిగబట్టించి నిలబెడుతుంది. పాపం, తెలియక చేసిన పని.

ఒకరోజు హెడ్మాస్టరు పిలిచాడు.

"మీరు బాగా చెబుతారని అందరికీ తెలుసు మేడమ్. కానీ కాగితం మీద లేదు కదా. పై క్లాసులకి చెప్పాలంటే ఇకనుంచి ఆ మాస్టర్స్ ఉండాలట."

రెండేళ్లు సెలవు పెట్టి కాలేజీలో చేరింది. నలభై నిమిషాల పాఠానికి అరవై పేజీల పథకం రాయడం నేర్చుకుంది. పిల్లలు చెయ్యెత్తి సందేహం అడిగితే దాన్ని 'అభ్యాసక ప్రేరిత అంతరాయం' అనాలని తెలుసుకుంది. ఇన్నాళ్లూ ఆవిడ దానికి జవాబు చెప్పేసి ఊరుకునేది!

ఇంటిల్లిపాదీ బాగుపడ్డారు. భర్తకు టైపింగ్ వచ్చింది. అత్తగారు ప్రశ్నావళి పరీక్షించడానికి పనికొచ్చింది.

"అత్తయ్యా, రసాయనశాస్త్రం మీ జీవితానికి ఉపయోగపడుతుందంటే ఒప్పుకుంటారా, గట్టిగా ఒప్పుకుంటారా?"

"ఏది పెడితే నువ్వు తొందరగా లేస్తావో అది పెట్టమ్మా."

గట్టిగా ఒప్పుకున్నట్టు నమోదైంది.

పరిశోధన కోసం తన బడికే వెళ్లి పిల్లల చేత ప్రయోగం చేయించింది. ఎప్పుడూ నోరు మెదపని ఒక అమ్మాయి, రంగు మారగానే "నా చేత్తోనే మారింది మేడమ్" అంటూ గాజుకుప్పె తిరిగివ్వనంది. టీచరమ్మ ఆ సంగతి థీసిస్‌లో రాసుకుంది. ఆవిడ గైడు పాతికేళ్లుగా బోధన గురించి బోధిస్తున్న పెద్దమనిషి. బడిపిల్లలను చూసి చాలాకాలమైంది.

"సంతోషాన్ని కొలిచే పట్టిక లేదమ్మా. తీసెయ్యండి" అన్నాడు.

తీసేసింది. డిస్టింక్షన్ వచ్చింది.

పట్టా పట్టుకుని బడికి వెళితే హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. "ఇంత చదివిన మిమ్మల్ని క్లాసుకి పంపితే పైవాళ్లు ఊరుకుంటారా? మిమ్మల్ని శిక్షణాధికారిగా వేశారు మేడమ్."

మేడ మీద గది, గిర్రున తిరిగే కుర్చీ, ఫైళ్లు. కెమిస్ట్రీ ఎలా చెప్పాలో ఇతర టీచర్లకు చెప్పాలి. తను మాత్రం చెప్పకూడదు. ఎదగడం అంటే అదే కదా?

మరి ఆవిడ క్లాసు ఎవరికిచ్చారంటారా? ప్రకటన వేశారు. అభ్యర్థికి ఆ డిగ్రీ ఉండాలి. గడచిన రెండేళ్లూ ఎడతెగకుండా పాఠాలు చెప్పి కూడా ఉండాలి. ఆ డిగ్రీ చేసేవాళ్లు ఆ రెండేళ్లూ సెలవులో ఉంటారు, చేసేసినవాళ్లని మేడెక్కించేస్తారు కనుక, అలాంటి మనిషి ఇంకా దొరకలేదు. ఈలోగా ఆటల మాస్టారు వచ్చి పిల్లల చేత మూలకాల పేర్లు వరసగా అప్పజెప్పిస్తూ, మధ్యమధ్య వెన్ను నిటారుగా పెట్టమంటున్నాడు.

మూడు వారాలు ఆవిడ మేడ మీంచి ఆ అప్పజెప్పడం విన్నది. నాలుగో సోమవారం ఫైలు మూసి, మెట్లు దిగి, తిన్నగా క్లాసులోకి నడిచింది. ఆటల మాస్టారు సుద్దముక్క ఆవిడ చేతిలో పెట్టి, బతికిపోయానన్నట్టు మైదానంలోకి వెళ్లిపోయాడు.

హెడ్మాస్టరు ఆయాసపడుతూ వచ్చాడు. "మేడమ్, ఈ రెండేళ్లూ మీరు క్లాసు చెప్పలేదు. రూలు ప్రకారం ఈ పోస్టుకి మీకు అర్హత లేదండీ."

"నాకు అర్హత లేనన్నాళ్లేనండీ, ఈ పిల్లలకి కెమిస్ట్రీ వచ్చింది" అంది ఆవిడ బోర్డు తుడుస్తూ. "వెళ్తూ ఆ తలుపు దగ్గరగా వెయ్యండి."