రుస్తెం గారి గుమ్మంలో పూలగుత్తి

నేను అక్షరాలు దిద్దింది ముసలితనంలో. తప్పులుంటే సర్దుకోండి. నిదానంగా రాశాను, మీరూ నిదానంగానే చదవండి.

ఆ ఆదివారం పొద్దున మా వీధి రుస్తెం గారమ్మాయి సెవ్‌తాప్ అనుకున్నది చిన్న పనే. బడిలో పాఠం చెప్పే బ్రింక్‌మాన్ టీచరమ్మ ఇంటికి వస్తుంది. తనను హాంబర్గ్ పంపితే ఓడల ఇంజిన్ల పని నేర్చుకుంటుందని నాన్నకు నచ్చజెబుతుంది. టీ తాగి వెళ్తుంది. పెళ్ళికాని పిల్ల వేరే ఊళ్ళో ఒంటరిగా ఉండడం జర్మనీలో, ఈ డూయిస్‌బర్గ్‌లో మా టర్కీవాళ్ళ వీధి ఎరగదు. అందుకే టీచరమ్మ సాయం. మా ఇళ్ళకు వట్టి చేతులతో రాకూడదని మాత్రం సెవ్‌తాప్ ఆవిడకు ముందే చెప్పింది.

టీచరమ్మ ఇంత పూలగుత్తి, అంత చాక్లెట్ల డబ్బా పట్టుకుని దిగింది. కాలు నొప్పని కారు నడపడానికి కొడుకు టోర్‌స్టెన్‌ను తెచ్చుకుంది. అతడు సూటులో ఉన్నాడు. పూలు, చాక్లెట్లు, తల్లి, సూటులో కొడుకు. మాలో పిల్లనడగడానికి వచ్చేది అచ్చం ఇలాగే. మెట్ల మీద ఎదురైన పక్కింటి నజ్మియేకు ఇంకేం కావాలి?

"హాజెర్ వదినా! పిల్లనడగడానికి వచ్చేశారు! నాతో ఒక్క మాటైనా అన్లేదేం?"

సెవ్‌తాప్ తల్లి హాజెర్ చేతిలో గరిటె జారింది. తండ్రి రుస్తెం పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు తొడిగి, "జర్మన్లకిచ్చేది లేదు" అని అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. ఈలోగా నజ్మియే అన్ని అంతస్తులూ తిరిగొచ్చింది. గుమ్మం బయట చెప్పులు గుట్టపడ్డాయి.

"నాన్నా, వాళ్ళొచ్చింది అందుక్కాదు..."

"నువ్వు మాట్లాడకే. ఇలాంటప్పుడు పిల్ల సిగ్గుపడాలి."

ఆనవాయితీ తప్పకుండా నజ్మియే పెళ్ళికొడుకు కాఫీలో ఉప్పు గుమ్మరించింది. మొహం చిట్లించకుండా తాగినవాడే ఓర్పుగల మొగుడు. టోర్‌స్టెన్ మర్యాదస్తుడు. టర్కీ కాఫీ ఇలాగే ఉంటుంది కాబోలనుకుని అడుగుదాకా తాగి, "చాలా బాగుంది" అన్నాడు.

"బంగారంలాంటి కుర్రాడు!" అని ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. రుస్తెం గొంతు సవరించుకున్నాడు.

"టీచరమ్మా, మీవాడు మంచివాడే. కానీ మా అమ్మాయిని ఇవ్వలేం."

"అయ్యో, మావాడికి కాదండీ! హాంబర్గ్‌లో చదువుకు పంపమని అడగడానికొచ్చాను."

 రుస్తెం మొహం కందగడ్డ అయింది.

"మీవాడికి కాదా? ఎందుక్కాదూ? మా అమ్మాయికేం తక్కువ?"

"తక్కువేం లేదండీ..."

"కాఫీ అంతా తాగి, ఇంతమంది ముందు వద్దంటారా? సెవ్‌తాప్! పెట్టె సర్దుకో. హాంబర్గ్ వెళ్ళు, ఓడలు బాగుచెయ్యి. ఏం పోగొట్టుకున్నారో వీళ్ళకి తెలిసిరావాలి!"

సెవ్‌తాప్ తండ్రి మాట జవదాటి ఎరగని పిల్ల. వెంటనే వెళ్ళి పెట్టె సర్దుకుంది.

గుల్‌సూమ్, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది ఎస్సెన్‌లో, పెద్దకూతురి దగ్గర.