చదవకముందే ఏడ్చినవారు

నవల గొప్పదో కాదో అది అచ్చు కాకముందే తేల్చేయాలన్నది నాగరిక సమాజం ఆమోదించిన నియమం. అచ్చయ్యాక తేల్చాలంటే చదవాల్సి వస్తుంది. అంత తీరిక ఎవరికుంది?

కళ్ళజోళ్ళ దుకాణావిడ ఈ నియమం కిందికే వచ్చింది. పగలంతా జనానికి అక్షరాలు కనిపించేలా చేస్తూ, బేరాల్లేని వేళల్లో గల్లాపెట్టె వెనక కూర్చుని ఆమె ఒక మాయాలోకపు నవల రాసింది. ఆమెకిది మొదటి నవల. రాజు పన్ను కింద మనుషుల నీడల్ని కోసుకుపోయే రాజ్యం; తన నీడ ఇవ్వనంటే ఇవ్వనని మొండికేసిన ఒక పిల్ల. చిన్నప్పుడే జ్వరంతో పోయిన తన చెల్లెలి నవ్వును ఆ పిల్లకు పెట్టింది. కథలోనైనా అది బతకాలని ఆమె కోరిక.

ప్రచురణ సంస్థ నవలను ఒప్పుకుంది. వెంటనే ముందస్తు సందడి విభాగం అధిపతి ఫోన్ చేశాడు. (ఆలూ చూలూ లేకుండానే పేరు పెట్టడం ఈ విభాగం బాధ్యత. సంస్థలో చదివే విభాగం కూడా ఉండేదట. ఆ గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు పెడుతున్నారు.)

"చివరి అధ్యాయం ఇంకా దిద్దుతున్నానండీ," అందామె.

"నిదానంగా దిద్దుకోండి మేడమ్. అట్ట బొమ్మ రెడీ అయిపోయింది కదా, ఇక పుస్తకంతో పనేముంది?"

అట్ట బొమ్మ బయటికొచ్చిన సాయంత్రానికే పుస్తకాల యాప్‌లో నక్షత్రాలు కురిశాయి. నిబంధన ప్రకారం పుస్తకం చూడనివారు ఎన్ని నక్షత్రాలైనా ఇవ్వవచ్చు. చదివినవారు మాత్రం కారణం రాయాలి. మర్నాడు ఒక పాఠకురాలు, "ఆ పిల్ల చనిపోయే చోట వెక్కి వెక్కి ఏడ్చాను" అని రాసింది. ఇంకేం, ఊరంతా ఏడుపందుకుంది. ఏడుస్తున్న ముఖాల వీడియోలు వచ్చాయి. ఏడవనివాళ్ళను బండరాళ్ళన్నారు.

దుకాణావిడ కంగారుగా ఫోన్ చేసింది. "ఆ పిల్ల చావదండీ! నేను చంపనే లేదు."

"అయ్యో, ఇంతమంది ఏడ్చాక ఇప్పుడు బతికే ఉందంటే ఎలా మేడమ్? వాళ్ళ కన్నీళ్ళకు విలువ లేదా?" అన్నాడు అధిపతి. "చివరి అధ్యాయం ఎలాగూ మీ చేతిలోనే ఉంది. చిన్న జ్వరం పెట్టేయండి, సరిపోతుంది."

ఆమె ఫోన్ పెట్టేసింది. భోజనాల దగ్గర భర్తతో చెప్పుకుంది.

"మా ఆఫీసులో అందరూ ఏడ్చారు," అన్నాడాయన. "నేనూ ఏడ్చాను. రచయిత్రి మొగుణ్ణయ్యుండి ఏడవకపోతే ఏం బావుంటుంది?"

"రాసిందంతా ఇంట్లోనే ఉంది కదా, చదివారా?"

"పుస్తకం రానీవే, చదువుతా."

ఆమె చివరి అధ్యాయం ముందేసుకుని కూర్చుంది. 'జ్వరం' అని రాసింది. కొట్టేసింది. చెల్లెల్ని ఒకసారి పోగొట్టుకున్నది చాలు, మళ్ళీ తన చేత్తో చంపలేననుకుంది. ఆ పిల్ల తన నీడను వెంటబెట్టుకుని, పకపకా నవ్వుతూ రాజ్యం పొలిమేర దాటింది. సంస్థ అలాగే అచ్చేసింది. (అడ్డు చెప్పాలంటే ఎవరో ఒకరు చదవాలి కదా.)

పుస్తకం వచ్చేసరికి జనం రాబోయే ఇంకో నవలకు ఏడవడం మొదలుపెట్టారు. అయినా న్యాయం జరిగింది. ఉత్తమ మరణ ఘట్టం బహుమతి, న్యాయనిర్ణేతల ఏకగ్రీవ నిర్ణయంతో, ఆమెకే వచ్చింది.

జ్ఞాపిక అందుకుని ఆమె మైకు ముందుకు వచ్చింది. "ఆ పిల్ల బతికే ఉందండీ," అంది. "ఒక్కసారి పుస్తకం తీసి చూడండి."

ఎంత లోతైన మాట అనుకుంటూ సభ మొత్తం లేచి నిలబడి, ఆ పిల్ల ఆత్మశాంతి కోసం మౌనం పాటించింది.