దీవెన పొట్టేలు, నీలికన్ను ముద్దాయి

"నారిన్ నది పుట్టిన మంచుకొండ దగ్గర్నుంచి అది పోయి కలిసే చోటు దాకా జల్లెడ పట్టినా నాలాంటి బుర్ర ఇంకోటి దొరకదు షార్షెన్! ఇది గొప్పలు పోవడం కాదు, ఉన్న నిజం ఒప్పుకోవడం. చీకటి శక్తులు వణకాలి. ఇమానాలీ రంగంలోకి దిగాడు!"

రంగం అంటే మా వాకిలి. దిగడం అంటే గుమ్మం తట్టుకుని పడబోయి నా భుజం పట్టుకోవడం. జూన్ నెల ఎండలో కూడా చీలమండల దాకా వానకోటు, కనుబొమల మీదికి లాక్కున్న కంబళి టోపీ, చేతిలో వాళ్ళ నాయనమ్మ ఖురాను చదువుకునే భూతద్దం. నా మిత్రుడు ఒకప్పుడు ఊరి స్నానశాలలో టికెట్లు చింపేవాడు. స్నానశాల మూతపడ్డాక, చింపడానికి ఇంకేమీ లేక, నేరాల ముసుగులు చింపుతానని బయలుదేరాడు. కిందటేడు సంతలో ఒక జేబుదొంగను మెడ పట్టుకుని నేలమీద పడేశాడు. ఆ దొంగ ఊరికి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు. రాత్రంతా లాకప్పులో కూర్చుని వచ్చి, "లోపలి నుంచి దర్యాప్తు చేశాను" అన్నాడు.

అలాంటివాణ్ణి నేను పిలుస్తానా? పిలవలేదు. కష్టం వచ్చిన ఇంటికి వాడు వాసన పట్టుకుని వస్తాడు. ఆ రోజు మా ఇంటికి నిజంగానే కష్టం వచ్చింది. సాయంత్రంలోగా మా కుక్క కూయున్‌ను కాల్చెయ్యాలని వీధి తీర్పు చెప్పింది.

కూయున్ గురించి కొంచెం చెప్పాలి. దాని తల్లి గొర్రెల్ని తోలే విదేశీ జాతి, తండ్రి ఎవరో మా కొండల్లోని కాపరి కుక్క. ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమరంగు. దాని ఒంట్లో ఉన్నది వెయ్యి గొర్రెల్ని తోలే సత్తువ. మేమిచ్చింది నాలుగు కోళ్ళ ఉద్యోగం. దాంతో మిగిలిన సత్తువంతా మామీద చూపించేది. టీ తాగడానికి చాప మీద ఎడంగా కూర్చున్నామా, చుట్టూ తిరిగి తిరిగి, మోచేతులు తగిలేదాకా మమ్మల్ని దగ్గరికి నెట్టేది. నా భార్య బూరుల్ ఒంటరిగా బజారుకు వెళ్ళడానికి వీల్లేదు. నేనూ లేచి వెంట నడిస్తేనే గేటు వదిలేది. చుట్టాలొస్తే మడమలు పట్టి గోడవారకు చేర్చేది. బూట్లు కొరికింది, మంచం కోడు కొరికింది, వాన పడ్డ రోజు పని దొరక్క తన తోక చుట్టూ తానే తిరిగి నా టీ కెటిల్‌ను తన్నేసింది. "ఇది కుక్క కాదు, మా అత్తగారి ఆత్మ" అని నేను బూరుల్‌తో అంటే ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

కానీ మా అమ్మ కలీచా సంగతి వేరు. నాన్న పోయాక అమ్మ పొయ్యి పక్కనుంచి లేవలేదు. డాక్టరు నడవమన్నాడు, నేను బతిమాలాను, బూరుల్ కోప్పడింది. కదల్లేదు. ఈ కుక్క వచ్చిన మర్నాడే ముక్కుతో మోకాలి వెనక పొడిచింది. అమ్మ తిట్టింది. మళ్ళీ పొడిచింది. తిట్టుకుంటూ లేచింది, తిట్టుకుంటూ నది ఒడ్డు దాకా నడిచింది. ఆ రోజునుంచి ప్రతి ఉదయం ఇద్దరూ వెళ్తారు. అమ్మ దారి పొడుగునా దానికి నాన్న కబుర్లు చెబుతుంది. అందుకే ఆ పూట అమ్మ తన శాలువా ఒక కొస కూయున్ మెడకి, రెండో కొస తన నడుముకి కట్టుకుని వాకిట్లో కూర్చుంది.

"దీన్ని కాల్చాలంటే ముందు తుపాకీ నావైపు తిప్పమను," అంది.

"పెద్దమ్మా, తుపాకులతో పని లేదు. బుర్ర వచ్చింది," అన్నాడు ఇమానాలీ.

"ఎక్కడుంది నాయనా, కనపడదే?"

జరిగిందేమిటంటే, మా వీధి చివర జుమాదిల్ ఇంటికి ఆ పొద్దున వియ్యాలవారు వచ్చారు. అమ్మాయి సంబంధం ఖాయం చేసుకునే రోజు. ఆచారం ప్రకారం జుమాదిల్ తన కొవ్వు తోక పొట్టేలును అతిథుల ముందు నిలబెట్టాడు. పెళ్ళికొడుకు నాయనమ్మ ఉల్‌బూబు చేతులు చాచి దీవెన చదివి, పొట్టేలు కొమ్ముకు ఎర్రగుడ్డ కట్టింది. దీవెన పడ్డ జీవాన్ని ఆ అతిథికే కొయ్యాలి. మార్చకూడదు, అమ్మకూడదు, ఇంకొకరు ముట్టకూడదు. తర్వాత తోక కొవ్వు, కాలేయం వండి పళ్ళెంలో తెస్తే ఇరువైపులవాళ్ళు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటారు. అది మింగితే సంబంధం కుదిరినట్టే.

పళ్ళెం వచ్చింది. ఉల్‌బూబు ముక్క ఎత్తి వెలుగుకు పట్టి చూసింది.

"ఇది తోక కొవ్వా, ఉల్లిపొరా? నేను దీవించిన పొట్టేలు తోక తలగడంత ఉంది కదయ్యా!"

జుమాదిల్ ముఖం పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది. తర్వాత నోరు తెరుచుకుంది. "అమ్మగారూ, ఏం చెప్పమంటారు! మీరు దీవించి లోపలికి వెళ్ళారో లేదో, ఆ షార్షెన్‌గాడి పిచ్చికుక్క దొడ్లో దూరి పొట్టేల్ని కొండకి తోలేసింది. పరువు పోతుందని ఉన్న ముసలి గొర్రెను కోశాను!"

ఇంకేం? గొర్రెల్ని తోలుకుపోయే కుక్కంటే మా దగ్గర తుపాకీయే న్యాయం.

ఇమానాలీ ముందు, నేను వెనక, అమ్మా కూయున్ ఒకే శాలువాలో ఆ వెనక, జుమాదిల్ దొడ్లోకి వెళ్ళాం. అప్పటికే వీధంతా అక్కడుంది. చవగ్గా దొరికే వినోదం కదా. ఇమానాలీ నేలమీద బోర్లా పడుకుని భూతద్దం పెట్టాడు.

"ఆఁ! తెల్ల వెంట్రుక! హంతకుడిది!"

"హత్యేమీ జరగలేదురా, పొట్టేలు పోయిందంతే," అన్నాను.

"మాయమైన ప్రతివాడూ నా లెక్కలో హతుడే. ఎవరిదీ వెంట్రుక?"

ఉల్‌బూబు వంగి చూసింది. "నీ టోపీది నాయనా. చిమ్మటలు కొట్టినట్టుంది, రాలుతోంది."

ఆ క్షణంలో దొడ్డి మూలనున్న బొగ్గుల కొట్లోంచి దబ్బుమని చప్పుడైంది. కూయున్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది అమ్మను కూడా లాక్కుంటూ అటు దూకబోయింది. జుమాదిల్ గట్టిగా దగ్గాడు.

"బొగ్గు... బొగ్గు జారింది!"

"నాకా చెబుతావు జుమాదిల్ అన్నా?" అన్నాడు ఇమానాలీ జాలిగా నవ్వి. "స్నానశాలలో పుట్టి పెరిగినవాణ్ణి. బొగ్గు జారే చప్పుడు నిద్రలో కూడా గుర్తుపడతాను. అది బొగ్గే. పెద్దమ్మా, ముద్దాయి పారిపోవాలని చూస్తోంది, గట్టిగా పట్టుకో!"

మళ్ళీ దబ్బుమంది.

"ముతక బొగ్గు," అన్నాడు.

తర్వాత వానకోటు దులుపుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేశాడు. వీధంతా ఊపిరి బిగబట్టింది.

"మహాజనులారా! పోలీసులకి పదేళ్ళు పట్టే ముడి ఇది. నేను పది మాటల్లో విప్పుతాను. దీవెన పడ్డ పొట్టేల్ని మన జాతిలో పుట్టిన మనిషి ఎవడైనా ముడతాడా? ముట్టడు. దొంగ ముట్టడు, తాగుబోతు ముట్టడు, ఆఖరికి మా బావమరిది కూడా ముట్టడు. కాబట్టి దొంగ మనిషి కాడు! దీవెన వినపడినా అర్థం కానిదెవరు? ఒక కంటితో మనల్నీ, ఇంకో కంటితో ఇంకో దేశాన్నీ చూసేదెవరు? అదుగో! రెండు రంగుల కళ్ళ గూఢచారి!"

వేలు తిన్నగా కూయున్ ముక్కు మీదికి చూపించాడు. కూయున్ ఆ వేలును ఒకసారి నాకింది.

జనం తలలు ఊపారు. దీవెనను ధిక్కరించే మనిషి మా వీధిలో ఉంటాడని ఒక్కరికీ తోచలేదు. తప్పు కుక్కదని తేలితే మనుషులందరికీ ఎంత నిమ్మళమో ఆ ముఖాలు చూస్తే తెలుస్తుంది. అందరికన్నా గట్టిగా తల ఊపింది జుమాదిల్.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్, నువ్వు మా తరఫున కదరా వచ్చింది!"

"నేను సత్యం తరఫు. సత్యానికి స్నేహితులుండరు షార్షెన్."

"ఇప్పటినుంచి నీకూ ఉండరు," అన్నాను.

అమ్మ మాత్రం కూయున్ తలమీద చెయ్యి వేసి నిలబడింది. రెండో చేత్తో శాలువా ముడి ఇంకోసారి బిగించింది.

అక్కడితో ఆగితే వాడు ఇమానాలీ ఎందుకవుతాడు? "రుజువు కావాలి! నేరం జరిగిన తీరు మీ కళ్ళముందు మళ్ళీ నడిపిస్తాను. నేనే పొట్టేలు!" అన్నాడు. జుమాదిల్ గొర్రెతోలు కోటు అడిగి, బొచ్చు పైకి వచ్చేలా తిరగేసి తొడుక్కుని, నాలుగు కాళ్ళ మీద వంగాడు. "మే! పెద్దమ్మా, ముద్దాయిని వదులు. అది నన్ను ఏ దారిన కొండకి తోలుతుందో మీరే చూద్దురు గాని. మేఏ!"

అమ్మ శాలువా ముడి విప్పుతూ కూయున్ చెవిలో అంది: "పో నాన్నా. ఇదే ఆఖరైతే కానీ, ఒక్కసారి మనసారా పరిగెత్తు."

కూయున్‌కు జీవితంలో మొదటిసారి సరైన సైజు గొర్రె దొరికింది.

అది నేలకు పొట్ట ఆనించి, నీలికన్ను ఆర్పకుండా, అడుగు తర్వాత అడుగు వేస్తూ వచ్చింది. ఇమానాలీ 'మే' సగంలో ఆగిపోయింది. కుడికి పోబోతే కూయున్ కుడిపక్క ఉంది. ఎడమకి పోబోతే ఎడమపక్క. "ఒరేయ్ షార్షెన్! పిలవరా! ఇది నన్ను నిజంగానే గొర్రె అనుకుంటోంది!" అని అరుస్తూ, నాలుగు కాళ్ళ సంగతి మరిచి రెండు కాళ్ళ మీద లేచి పరిగెత్తాడు. గేటువైపు పోతే మడమ మీద ఒక పంటిగాటు. నీళ్ళ తొట్టివైపు పోతే పిర్ర మీద ఒకటి. వీధంతా పొట్టలు పట్టుకుంది. దిక్కుతోచక, ఎదురుగా కనపడ్డ మొదటి తలుపు గడియ పీకి లోపల దూరి, ధడాలున మూసుకున్నాడు.

అది బొగ్గుల కొట్టు.

"అందులోకి వద్దు!" అని జుమాదిల్ కేక పెట్టాడు. ఆలస్యమైంది.

లోపల్నుంచి "ఎవరది?" అన్న ఇమానాలీ గొంతు సన్నగా వినపడింది. ఆ తర్వాత దబ్బుమంది. ఈసారి జారింది బొగ్గు కాదు. తలుపు బద్దలై, నఖశిఖపర్యంతం నల్లబడ్డ ఇమానాలీ గాల్లోంచి వచ్చి మా కాళ్ళముందు పడ్డాడు. వాడి వెనకే తల వంచుకుని, కొమ్ముకు ఎర్రగుడ్డతో, తలగడంత తోక ఊపుకుంటూ దీవెన పొట్టేలు బయటికొచ్చింది.

జనం చెదిరిపోయారు. కూయున్ మాత్రం చెదరలేదు. వెనకనుంచి అర్ధచంద్రంగా తిరిగి, ఒక్క మొరుగు కూడా మొరగకుండా, పొట్టేల్ని తిన్నగా ఉల్‌బూబు కాళ్ళ దగ్గరికి తెచ్చి నిలబెట్టి, తాను నేలమీద పడుకుంది.

ఇమానాలీ కూర్చున్నాడు. నోట్లో బొగ్గు ఉమ్మాడు. వేలు ఎత్తాడు. "చూశారా! నేను చెప్పలేదూ? కుక్క పొట్టేల్ని దొంగిలించి, ఎవరికీ అనుమానం రాకుండా బొగ్గుల కొట్లో దాచి, బయట గడియ పెట్టింది!"

"గడియ పెట్టే కుక్కయితే ఈ డిటెక్టివ్ పని దానికే ఇచ్చేవాళ్ళం కదరా నల్లముఖమా!" అంది అమ్మ.

ఉల్‌బూబు నవ్వలేదు. గడియను చూసింది, కొమ్ముకున్న గుడ్డను చూసింది, ఆ తర్వాత జుమాదిల్‌ను చూసింది. వీధి మొత్తం అటే తిరిగింది.

"అమ్మగారూ..." జుమాదిల్ నాలుక తడబడింది. "పిల్లప్పట్నుంచి చేత్తో పెంచాను. దాని మీద ప్రాణం పెట్టుకున్నాను. కత్తి ఎత్తితే నావైపు చూసింది. చెయ్యి రాలేదు..."

"చెయ్యి రాకపోతే ఆ మాట నాతో చెప్పాల్సింది. ఇంకో పొట్టేల్ని దీవించేదాన్ని. పెంచుకున్న జీవం మీద మమకారం తప్పా? దాన్ని నేను క్షమిస్తాను. నీ పొట్టేలు బతకడానికి ఆ తల్లి పెంచుకున్న కుక్కను చంపమన్నావు చూడు, దాన్ని మాత్రం క్షమించను."

కిటికీ వెనక పెళ్ళికూతురు వెక్కి ఏడవడం వినపడింది. ఉల్‌బూబు అటు తిరిగి గొంతు పెంచింది. "నువ్వెందుకే ఏడుస్తావు? తండ్రి బుద్ధి చూసి పిల్లల్ని కాదనుకుంటూ పోతే, మా ఆయన బుద్ధికి నా కొడుకులెవరికీ పెళ్ళిళ్ళే అయ్యేవి కావు! సంబంధం ఖాయం. దీవెనా ఖాయం. కోయించవయ్యా పొట్టేల్ని. వండాక పెద్ద అతిథిగా నాకు వచ్చే గౌరవం ముక్కను ఎవరి చేత ఎవరికి పంపాలో నేను చెబుతాను."

పొద్దు వాలుతుండగా జుమాదిల్ వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, అందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా, రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని నడిచొచ్చాడు. పళ్ళెంలో మాంసం నిండిన తుంటి ఎముక పొగలు కక్కుతోంది. మా ఊళ్ళో అది పెద్ద అతిథులకు తప్ప పెట్టరు.

అప్పటికి ఇమానాలీ మా వాకిట్లో కూర్చుని బూరుల్ పోసిన పులుసు జుర్రుతున్నాడు. మొహం ఇంకా సగమే కడిగాడు. "పొట్టేలు నన్ను పొడవడం కూడా నా పథకంలో భాగమే షార్షెన్. రేపు ఊరంతా చెప్పుకుంటుంది చూడు," అన్నాడు. ఊరంతా అప్పటికే చెప్పుకుంటోంది, వాడనుకున్నది కాదు.

జుమాదిల్ తల ఎత్తలేదు. పళ్ళెం నేలమీద పెట్టి, "తిను... తిను బాబూ," అని కుక్కతో గొణిగాడు. కూయున్ అమ్మవైపు చూసింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, ఊఁ అని తల ఊపింది. కూయున్ తినడం మొదలుపెట్టింది.

జుమాదిల్ మెల్లగా గేటువైపు అడుగు వేశాడు.

"నిలబడు జుమాదిల్," అంది అమ్మ. "వడ్డించినవాడు అతిథి తింటుండగా వెళ్ళిపోయే అలవాటు మన వీధిలో లేదు."

అతను నిలబడ్డాడు. కూయున్ తీరిగ్గా తింది.