పోర్చుగల్ నుంచి ధర్మాబాద్ దాకా

నాందేడ్‌లో వెంకట్రాములు మాస్టారికి రెండే భయాలు. ఒకటి గోదావరి వరద. రెండోది ఇందుబాయి పప్పు. వరద మూడునాలుగేళ్లకొకసారి వస్తుంది.

ఇందుబాయి ఆయన భార్య. ధర్మాబాద్ మిరపకాయల వ్యాపారి ఎంకన్నకు ఒక్కగానొక్క కూతురు. మిరప బస్తాల మధ్య పుట్టి, బస్తాలు పట్టుకొని నడక నేర్చిన మనిషి. ఆమె కాపురానికి వచ్చి పన్నెండేళ్లు. పన్నెండేళ్లుగా మాస్టారు రెండు పూటలా కన్నీళ్లతోనే భోజనం చేస్తున్నాడు.

"ఏంది, అమ్మ యాదికొచ్చిందా?" అని అడిగేది ఇందుబాయి.

"ఆఁ" అనేవాడు మాస్టారు. ఆ అమ్మ వీధి చివర పెద్దకొడుకు ఇంట్లో, ఏ లోటూ లేకుండా, వక్కలు కొరుకుతూ ఉంది.

కారం తగ్గించమని ఒక్క మాట చెప్పవచ్చు. కాని మిరపకాయల ఎంకన్న అల్లుడు కారం తినలేడన్న సంగతి ధర్మాబాద్ బజారుకెక్కితే ఇంకేం మిగులుతుంది? పైగా వంటింటి గూట్లో ఒక గాజుసీసా ఉంది. దాన్నిండా మిరప గింజలు. ఒకసారి అడుగున, ఒకసారి సగానికి, ఒకసారి మూత దాకా కనిపించేవి. అవన్నీ నూరి తన పప్పులోనే కలుపుతోందని మాస్టారి గట్టి నమ్మకం. ఆ సీసా వైపు ఆయన పామును చూసినట్టు చూసేవాడు.

ఆదివారం పొద్దున ఆ గల్లీలోని తెలుగు పిల్లలంతా ఆయన అరుగు మీద చేరేవారు. బడిలో చదువు మరో భాషలో నడిచేది కాబట్టి, వారానికొక దేశం ఆయన తెలుగులో చెప్పేవాడు. అవి ఖద్దరు రోజులు. పరదేశీ వస్తువంటే పిల్లలు కూడా తేలును చూసినట్టు ఎగిరి గెంతేవారు. అది చూసి మాస్టారికి ఒక ఉపాయం తట్టింది. నోటితో చెప్పలేనిది భూగోళంతో చెప్పవచ్చు.

ఆ వారం పోర్చుగల్ వంతు వచ్చింది.

"స్పెయిన్ అనేది పెద్ద ఇల్లనుకోండి. దాని ముందర అరుగే పోర్చుగల్. అరుగు ముందు వీధికి బదులు సముద్రమున్నది" అన్నాడు.

అరుగు మీద కూర్చున్న పిల్లలకు పోర్చుగల్ వెంటనే అర్థమైంది. లిస్బన్ పట్నం గురించి చెప్పాడు. చేపలు పట్టే పడవల గురించి చెప్పాడు. సీసాల బిరడాలు ఒక చెట్టు బెరడు ఒలిచి చేస్తారంటే పిల్లలు నోళ్లు తెరిచారు. అలలను చూసి చూసి విసిగిన ఆ జనం ఒకనాడు ఓడలెక్కారన్నాడు. గంగాళం నిండా నీళ్లు పోసి సముద్రం చేశాడు. మధ్యలో ఒక రాయి పెట్టి ఆఫ్రికా అన్నాడు. ఇందుబాయి పిండి పిసికే పళ్లెం ఓడయి, ఆఫ్రికా చుట్టూ తిరిగి, మలబారు తీరానికి చేరింది.

"ఎందుకచ్చిన్రు గురూజీ?"

"మిరియాల కోసం."

"మరి వాళ్లేం తెచ్చిన్రు?"

మాస్టారు వంటింటి వైపొకసారి చూసి, గొంతు పెంచాడు. "మిరపకాయ. మన తాతముత్తాతలకు దాని పేరే తెల్వదు. అది అచ్చంగా పరదేశీది."

పిల్లలు ఆఫ్రికా మీద చెయ్యేసి మిరపకాయ ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. అక్కడితో పాఠం ముగించి ఉంటే ఈ కథ లేదు. ఆయన కూతురు జనాబాయికి తొమ్మిదేళ్లు. ఆ పిల్ల పలక తీసుకొని, "ఒక్క మిరపకాయనేనా బాపు? ఇంకేమన్న తెచ్చిన్రా?" అంది.

తెలిసిన సంగతి కడుపులో దాచుకోవడం ఏ పంతులికీ చేతకాదు. పొగాకు, ఆలుగడ్డ, జామకాయ, బొప్పాయి, మక్కజొన్న అని చెప్పుకుపోయాడు. చావి, అల్మారా, బొత్తాం అనే మాటలు కూడా ఆ దొరల వెంట వచ్చినవే అన్నాడు. జని పలక రెండువైపులా రాసింది.

ఇందుబాయి గడపలో నిలబడి అంతా విన్నది. "మరి మా తాతలు కారానికి ఏమేసుకొని తిన్నరు?" అని అడిగింది.

"మిరియాలు" అన్నాడు మాస్టారు ఉత్సాహంగా. ఆ ఉత్సాహం సోమవారం దాకా నిలిచింది.

సోమవారం పప్పు నల్లగా వచ్చింది. మొదటి ముద్దకు చెవులు మూసుకుపోయాయి. రెండో ముద్దకు తెరుచుకున్నాయి. మిరపకాయ నోటితో గొడవపడి వెళ్లిపోతుంది. మిరియం అట్లా కాదు, పెట్టేబేడా సర్దుకొని గొంతులో దిగి అక్కడే కాపురం పెడుతుంది.

"దీంట్ల ఎన్ని మిరియాలేసినవ్?"

"మిరపకాయలు ఎన్నేస్తనో అన్ని. సొంఠి, పిప్పళ్లు గూడ ఏసిన. మంచి స్వదేశీ."

"జర ఎక్కువైనట్టున్నది."

"సముద్రాలు దాటి దీనికోసమే అచ్చిన్రని మీరే జెప్తిరి. గంత దూరం ఊకెనే అచ్చిన్రా?"

మాస్టారు దగ్గు సాకుతో లేచి బయటికి నడిచాడు. మంగళవారం ముక్కుపొడి డబ్బీ కోసం వెతికితే, జని పలక చూపించింది. "పొగాకు రెండో నంబరు, బాపు." సాయంత్రం మనసు ఊరడించుకుందామని జామకాయలు తెచ్చుకుంటే, గుమ్మంలోనే గల్లీ పిల్లలు అవి గుంజుకొని, పరదేశీ వస్తువును నాశనం చేస్తున్నామని చెప్పి ఎదురుగానే తినేశారు.

బుధవారం బడికి బయల్దేరబోతే కోటుకు బొత్తాలు లేవు.

"కోసిన" అంది ఇందుబాయి శాంతంగా. "జని ఊకుంటలేదు."

"ధోతి ఇయ్యి, ఉతికింది."

"అల్మారల ఉన్నది. చావి ముట్టొద్దట."

నిన్నటి ధోతితో, కోటుకు తుమ్మముళ్లు గుచ్చుకొని బడికి పోయాడు. పాఠం చెబుతూ చెయ్యెత్తినప్పుడల్లా ఒక ముల్లు ఆయనకు పోర్చుగల్‌ను గుర్తు చేసింది. సాయంత్రానికి గల్లీ ఆడవాళ్లు అరుగెక్కారు. పిల్లలు మూడు రోజులుగా కూర ముట్టడం లేదట. పక్కింటి ముత్తెమ్మ, గురూజీ వచ్చే వారం ఏ దేశం చెబుతాడో ముందే చెబితే ఆ సరుకు ఇప్పుడే తిని పెట్టుకుంటామంది.

గురువారం పొద్దున ధర్మాబాద్ బండి దిగి మామ ఎంకన్న రానే వచ్చాడు. వెనక హమాలీ నెత్తిన కొత్త మిరపకాయల బస్తా. గడపలో పదిమంది పిల్లలు అడ్డంగా పడుకొని ఉన్నారు.

"ఏంది బిడ్డా ఇది?"

"పికెటింగ్, తాతా" అంది జని నేలమీంచే. "బస్తా పోర్చుగల్‌కు వాపస్ తీస్కపో."

ఎంకన్నకు పోర్చుగల్ తెలియదు. ఆయనకు తెలిసిన దూరదేశం అదే జిల్లాలోని ముఖేడ్. మనవరాలిని దాటబోయి తూలాడు, హమాలీ ఆయనను పట్టుకోబోయి బస్తా వదిలాడు, బస్తా పగిలింది. పిల్లలు తుమ్మారు. గల్లీ అరుగుల మీద ఆడవాళ్లు తుమ్మారు. వీధిలో పోతున్న టాంగా గుర్రం తుమ్మింది. మాస్టారు కూడా తుమ్మాడు. ముక్కుపొడి లేక మూడు రోజులుగా బిగుసుకుపోయిన ముక్కు అది. వరుసగా పదకొండు తుమ్ములు వచ్చాయి. ఆ వారంలో ఆయనకు దక్కిన సుఖం ఆ పదకొండే.

కళ్లు తుడుచుకున్నాక ఎంకన్న సంగతంతా విన్నాడు. అల్లుడు మండిపడతాడనో, మామ మండిపడతాడనో అందరూ చూస్తున్నారు. మామ మాత్రం, "మిరపకాయ ముచ్చట మీరు మీరు జూస్కోండ్రి. నా గింజల సీసా తియ్యి బిడ్డా, మల్ల బండి పోతది" అన్నాడు.

ఇందుబాయి గూట్లోంచి గాజుసీసా తెచ్చి ఇచ్చింది.

"గవి ఏం గింజలు మామా?" అన్నాడు మాస్టారు.

"నీ పప్పులకెళ్లి తీసినయే గదా అల్లుడా. పన్నెండేండ్ల సంది నా చేన్ల నారు పోసేది ఇయ్యే. వండేటి కాయ చీరి, ఒక్కొక్క గింజ తీసి సీసల ఏస్తది. ఎందుకు బిడ్డా అంటే, ఆయిన కడుపు మెత్తనిది బాపు అంటది. ధర్మాబాద్‌ల అందరికెరికే."

వెంకట్రాములు మాస్టారు అరుగు మీద, అంటే పోర్చుగల్‌లో, కూలబడ్డాడు. పరువు పోయి పన్నెండేళ్లయిందని ఇప్పుడే కబురందింది. విచిత్రంగా, ఆ కబురు అంత బాధగా లేదు. రోజూ పొద్దున ఆమె గోళ్ల సందున ఎర్రగా కనిపించేది ఏమిటో ఆయన ఎన్నడూ అడగలేదు.

"నీకు ముందుగాల్నే ఎరికున్నదా?" అన్నాడు మెల్లగా ఇందుబాయితో.

"రోజు రెండుపూటల అమ్మ యాదికొచ్చి ఏడిసే మొగోన్ని యాడన్న జూసిన్రా? మీ అమ్మ నిన్ననే అచ్చి, ఇక్కన్నే పండి, చాయ తాగి పాయె."

ఆదివారం మాస్టారు పాఠం దిద్దుకున్నాడు. కోడలు వేరే ఊరి నుంచి వస్తుంది, నాలుగు రోజులుంటే ఇంటిదే అవుతుంది, మిరపకాయ వచ్చి నాలుగు వందల ఏళ్లయింది కాబట్టి అది మనదే అని తేల్చాడు. జని కొంచెం ఆలోచించి పలక తుడిచేసింది. ముక్కుపొడి డబ్బీ ఇచ్చింది. బొత్తాలు తిరిగి వచ్చాయి, ఒకటి తక్కువగా.

మధ్యాహ్నం పప్పు ఎర్రగా వచ్చింది. మొదటి ముద్దకే ఆయన కళ్లు నిండాయి.

"ఏంది, అమ్మ యాదికొచ్చిందా?"

"లేదు" అన్నాడు మాస్టారు. "కారమైంది."

ఇందుబాయి నెయ్యి గిన్నె ఆయన వైపు జరిపింది.

"గీ ఒక్క మాట పన్నెండేండ్ల కిందట్నే అంటే, గంత సముద్రం తిరిగొచ్చే పని తప్పుతుండె గదా."